అర పాయింటు చాలు!

ముందుగా రెండు లెక్కలు చూడండి.

1974. ఫార్ములా వన్. ఫెరారీ టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు. ఆ ఏడాది 9 పోల్ పొజిషన్లు కొట్టాడు. అంటే తొమ్మిదిసార్లు అందరికంటే వేగంగా లాప్ తిరిగి, రేసులో అందరికంటే ముందు నిలబడ్డాడు. ఏడాది చివర్లో ఎన్నో స్థానం? నాలుగు!

1984. అదే మనిషి. వయసు 35. ఈసారి టీమ్ మెక్‌లారెన్. పోల్ పొజిషన్లు ఎన్ని? సున్నా. ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ఏడాది చివర్లో ఎన్నో స్థానం? ఒకటి! ప్రపంచ ఛాంపియన్. రెండో స్థానంలో ఉన్నవాడితో తేడా ఎంతో తెలుసా? అర పాయింటు.

అతని పేరు నికీ లౌడా.

ఈ పదేళ్లలో ఏం మారింది? వేగం పెరగలేదు. లెక్క పెరిగింది. తనలో ఏముందో, ఏం లేదో ఉన్నదున్నట్టు చూసుకునే అలవాటు పెరిగింది. ఈ అలవాటు పుట్టుకతో రాదు. నేర్చుకుంటే వస్తుంది. అతను నేర్చుకున్నాడు. మీరూ నేర్చుకుంటారు.

పదండి, ఒక్కో అడుగూ చూద్దాం.

మొదలు: "మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు"

లౌడా 1949లో వియన్నాలో పుట్టాడు. డబ్బున్న కుటుంబం. తాత పేరున్న పారిశ్రామికవేత్త. మనవడు రేసులంటూ తిరగడం ఆయనకు అసలు ఇష్టం లేదు. లౌడా బ్యాంకు లోన్‌కి వెళితే తాత అడ్డుపడ్డారు. కుర్రాడు ఇంకో బ్యాంకుకు వెళ్లాడు. తన జీవిత బీమానే హామీగా పెట్టాడు. 1972లో మార్చ్ టీమ్‌లో సీటు సంపాదించాడు. తీరా చూస్తే ఆ కారు నత్తనడక! అప్పు మాత్రం అలాగే మిగిలింది.

అయినా వెనక్కి తగ్గలేదు. మరుసటి ఏడాది బీఆర్ఎం టీమ్‌లో చేరి, చేతికొచ్చిన కారుతోనే తనేంటో చూపించాడు. అలా ఫెరారీ కంట్లో పడ్డాడు.

మిమ్మల్ని అప్పు చేయమనడం లేదు. దయచేసి చేయకండి. నేను చెప్పేది ఒక్కటే. "మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు", "నాకు మంచి మేనేజర్ దొరకలేదు", "మా కాలేజీ సరైంది కాదు"... ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ ఇవి మీ పరిస్థితి గురించిన సమాచారం మాత్రమే. మీ భవిష్యత్తు మీద తీర్పు ఇచ్చే హక్కు వీటికి లేదు.

అడుగు 1: లోపాన్ని పేరు పెట్టి పిలవండి

ఫియొరానోలో ఫెరారీకి సొంత టెస్ట్ ట్రాక్ ఉంది. లౌడా అక్కడ కారు నడిపి దిగాడు. ఎదురుగా ఫెరారీ అధినేత ఎంజో ఫెరారీ. కారు ఎలా ఉందని ఆయన అడిగితే ఎవరైనా నీళ్లు నములుతారు. లౌడా నమల్లేదు. కారు బాగాలేదని మొహం మీదే చెప్పేశాడు. మధ్యలో అనువాదం చేస్తున్న ఫెరారీ కొడుకు పియెరోకి ఆ మాట తండ్రితో చెప్పడానికి నోరు రాలేదట!

అయితే "బాగాలేదు" అని అక్కడితో వదిలేయలేదు. మలుపులో ముందు చక్రాలకు పట్టు చాలడం లేదని, తప్పు ఎక్కడుందో చూపించాడు. ఆ తర్వాత ఇంజినీర్ మౌరో ఫోర్గియేరితో కలిసి అదే ట్రాక్ మీద గంటలకొద్దీ తిరిగాడు. మార్చడం, తిరగడం, చూడడం. మళ్లీ మార్చడం. చప్పట్లు కొట్టేవాళ్లు ఎవరూ లేని చోట చేసిన పని అది.

తన తప్పులనూ అదే కళ్లతో చూశాడు. 1974 జర్మన్ గ్రాండ్ ప్రీలో పోల్ నుంచి బయల్దేరి మొదటి లాప్‌లోనే ఇంకో కారును ఢీకొట్టి బయటికొచ్చేశాడు. తొందరపాటు ఖరీదెంతో ఆ ఏడాది తెలిసొచ్చింది. 1975లో ఛాంపియన్ అయ్యాడు. 1964 తర్వాత ఫెరారీ డ్రైవర్‌కి ఆ టైటిల్ రావడం అదే మొదటిసారి.

ఇప్పుడు మీ సంగతి. "నా ఇంగ్లిష్ వీక్ సార్" అంటారు. అది రిపోర్ట్ కాదు, నిట్టూర్పు. రిపోర్ట్ ఇలా ఉంటుంది: "ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నిన్న జరిగిన విషయం చెప్పాల్సి వస్తే తడబడుతున్నాను." చూశారా? ఇప్పుడు రిపేర్ మొదలుపెట్టొచ్చు. నిట్టూర్పుకు మందు లేదు. లోపానికి ఉంది.

అడుగు 2: భయాన్ని ముక్కలు చేయండి

1976 ఆగస్టు 1. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్. అడవి మధ్యలో 22 కిలోమీటర్లకు పైగా సాగే ట్రాక్. ప్రమాదం జరిగితే సాయం సమయానికి చేరదని, అక్కడ రేసు వద్దని లౌడా ముందే వాదించాడు. డ్రైవర్లు ఓటేశారు. అతని మాట నెగ్గలేదు.

రెండో లాప్‌లో అతని కారే అదుపు తప్పింది. మంటలు. వెనక వస్తున్న నలుగురు డ్రైవర్లు కార్లు దిగి అతన్ని బయటికి లాగారు. ముఖం, తల కాలిపోయాయి. పొగ, విషవాయువులు ఊపిరితిత్తుల్లోకి వెళ్లాయి. ఆస్పత్రిలో మతగురువు వచ్చి చివరి ప్రార్థన కూడా చేసేశాడు.

సరిగ్గా 42 రోజుల తర్వాత, సెప్టెంబరు 12న, ఇటలీలోని మోంజాలో లౌడా మళ్లీ రేసులో ఉన్నాడు!

ఇక్కడ చాలామంది "ఎంత ధైర్యం!" అని ఆగిపోతారు. మీరు ఆగకండి. అసలు పాఠం దాని వెనక ఉంది. శుక్రవారం ప్రాక్టీస్‌లో అతను భయంతో బిగుసుకుపోయాడు. ఆ మాట తర్వాత తనే చెప్పుకున్నాడు. మరి ఏం చేశాడు? గదికి వెళ్లి ఆలోచించాడు. మొదటి రోజే పాత వేగం రావాలని తన మీద తనే ఒత్తిడి పెట్టుకున్నట్టు గుర్తించాడు. శనివారం గడియారాన్ని పక్కన పెట్టాడు. నెమ్మదిగా మొదలుపెట్టి, ఒక్కో లాప్‌కి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయాడు. చివరికి ఆ వారం ఫెరారీ నడిపిన ముగ్గురిలో అతనే వేగంగా ఉన్నాడు. రేసులో నాలుగో స్థానం. హెల్మెట్ తీస్తే లోపలి కట్లు రక్తంతో తడిసి ఉన్నాయి.

మీకు స్టేజీ మీద మాట్లాడాలంటే భయమా? రేపే 500 మంది ముందు నిలబడాలని పెట్టుకోకండి. ఇలా చేయండి:

- మొదటి రోజు: గదిలో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడండి.
- మూడో రోజు: ఇంట్లో ఒక్కరి ముందు మాట్లాడండి.
- వారం తర్వాత: టీమ్ మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగండి.
- రెండు వారాల తర్వాత: అదే మీటింగ్‌లో మూడు నిమిషాలు మాట్లాడండి.

భయం కొండంత కనిపిస్తుంది. ముక్కలు చేస్తే మోయగలిగినంతే ఉంటుంది.

అడుగు 3: ఆగాల్సిన చోట ఆగండి, సాకు చెప్పకండి

అదే ఏడాది చివరి రేసు. జపాన్‌లోని ఫుజి. టైటిల్ పోటీలో ఉన్న జేమ్స్ హంట్ కంటే లౌడా 3 పాయింట్లు ముందున్నాడు. టైటిల్ చేతికందే దూరంలో ఉంది. కానీ కుండపోత వాన. కాలిన రెప్పలు ఇంకా సరిగా మూతపడడం లేదు. ముందు కారు కూడా కనిపించనంత నీటితెర.

రెండు లాప్‌లు తిరిగి, కారును పిట్‌లోకి తెచ్చి దిగిపోయాడు. ఇంజిన్ పాడైందని చెబుదామని ఫోర్గియేరి అన్నాడు. పరువు నిలబడేది. లౌడా ఒప్పుకోలేదు. ఈ వానలో నడపడం ప్రమాదమని తనే ఆపేశానని చెప్పాడు. హంట్ మూడో స్థానంలో వచ్చి ఒకే ఒక్క పాయింటుతో టైటిల్ ఎగరేసుకుపోయాడు.

లౌడా ఓడిపోయాడా? మరుసటి ఏడాది, 1977లో, మళ్లీ ఛాంపియన్ అయ్యాడు!

1979లోనూ అంతే. కెనడాలో ప్రాక్టీస్ మధ్యలో, ఇక రేసు మీద మనసు లేదని గ్రహించి ఇంటికెళ్లిపోయాడు. తన విమాన సంస్థ పని చూసుకున్నాడు. ఆకలి మళ్లీ పుట్టాక 1982లో తిరిగొచ్చాడు. వచ్చిన మూడో రేసే గెలిచాడు.

ఆగడం తప్పు కాదు. ఎందుకు ఆగారో మీకు మీరే అబద్ధం చెప్పుకోవడం తప్పు. "టైమ్ లేక జిమ్ మానేశాను" అనకండి. "రాత్రి ఒంటిగంట దాకా ఫోన్ చూసి, పొద్దున లేవలేక మానేశాను" అనండి. ఆ నిజం ఒప్పుకున్న క్షణమే తిరిగి వెళ్లే దారి తెరుచుకుంటుంది.

అడుగు 4: మీకంటే వేగంగా ఉన్నవాణ్ని ఒప్పుకోండి

1984. లౌడా పక్కన అదే టీమ్‌లో అలాన్ ప్రోస్ట్. వయసులో ఆరేళ్లు చిన్న. ఒక్క లాప్ వేగంలో లౌడా కంటే స్పష్టంగా ముందు.

అలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? చాలామంది రెండిట్లో ఒకటి చేస్తారు. కుళ్లుకుంటారు. లేదా వాడి ఆటే ఆడబోయి బోర్లా పడతారు. లౌడా మూడోది చేశాడు. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే శనివారం క్వాలిఫయింగ్‌లో ప్రోస్ట్‌ను అందుకోలేనని ఒప్పుకున్నాడు. తన శ్రమంతా ఆదివారం జరిగే రేసు మీద పెట్టాడు. రేసు మొత్తం నిలకడగా నడిచేలా కారును సెటప్ చేసుకోవడం మీద దృష్టి పెట్టాడు.

ప్రోస్ట్ ఆ ఏడాది 7 రేసులు గెలిచాడు. లౌడా 5. అయినా టైటిల్ లౌడాది!

మీ పక్క సీటులో ఉన్నవాడు కోడింగ్‌లో మెరుపు అయ్యుండొచ్చు. మీ బ్యాచ్‌మేట్‌కి మొదటి ప్రయత్నంలోనే గ్రూప్స్ ఉద్యోగం వచ్చి ఉండొచ్చు. సంతోషంగా ఒప్పుకోండి. తర్వాత ఈ ప్రశ్న వేసుకోండి: "నా ఆదివారం ఎక్కడుంది?" పని సమయానికి పూర్తిచేయడమా? కస్టమర్‌తో ఓపిగ్గా మాట్లాడడమా? చదివింది మర్చిపోకుండా రివిజన్ చేయడమా? మీ బలం అక్కడ ఉంది. మీ గంటలు అక్కడ పెట్టండి.

అడుగు 5: మిగిలిన గేర్లతో నడపండి

అదే ఏడాది ఆగస్టు. ఆస్ట్రియాలో సొంత జనం ముందు లౌడా ముందంజలో ఉన్నాడు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడు. నాలుగో గేరు పోయింది. పని అయిపోయిందనుకుని వేగం తగ్గించాడు కూడా. అప్పుడు గేరు లివర్ కదిపి చూశాడు. ఐదో గేరు ఉంది! మూడో గేరూ ఉంది! ఉన్నవాటితో మలుపులు సర్దుకుంటూ బండి లాగించాడు. వెనకున్న నెల్సన్ పికే సంగతి పసిగట్టలేకపోయాడు. లౌడా గెలిచాడు.

లేని గేరు గురించి ఏడ్వకండి. లివర్ కదిపి చూడండి. ఇంకా ఏమేం పనిచేస్తున్నాయో చూడండి.

మీ రాత్రి డీబ్రీఫ్

ట్రాక్ నుంచి రాగానే డ్రైవర్ ఇంజినీర్లతో కూర్చుంటాడు. ఎక్కడ బాగుంది, ఎక్కడ జారింది, రేపు ఏం మార్చాలి? దీన్నే డీబ్రీఫ్ అంటారు. మీకూ ఒకటి కావాలి. ఒక నోట్‌బుక్, పది నిమిషాలు చాలు. వచ్చే 14 రోజులు పడుకునే ముందు ఈ నాలుగూ రాయండి:

1. ఈ రోజు ఏది సాఫీగా సాగింది? ఒక్క వాక్యం.
2. ఎక్కడ జారాను? ఎవరి మీదా నెట్టకుండా, పేరు పెట్టి రాయండి.
3. ఏ సాకు చెప్పాను? దాని వెనక నిజం ఏమిటి?
4. రేపు మార్చేది ఏమిటి? ఒక్కటే. రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక రోజు తప్పిపోతే? మర్నాడు రాయండి. లౌడా కూడా రెండు రేసులు వదులుకున్నాకే మోంజాకు వచ్చాడు.

చివరి లెక్క

అర పాయింటు దగ్గర మొదలుపెట్టాం కదా. ఆ లెక్క పూర్తి చేద్దాం.

1984లో గెలిస్తే 9 పాయింట్లు, రెండో స్థానానికి 6, నాలుగో స్థానానికి 3. లౌడా ఐదు విజయాలకు 45. నాలుగు రెండో స్థానాలకు 24. మొత్తం 69. ప్రోస్ట్‌కు 71.5. అంటే విజయాలు, రెండో స్థానాలు అన్నీ కలిపినా లౌడా ఓడిపోయినట్టే!

మిగిలిన 3 పాయింట్లు ఎక్కడివి? అక్టోబరులో వచ్చిన ఒక నాలుగో స్థానానివి. ఆ రేసులో లౌడా కారు గిర్రున తిరిగింది. ఎవరూ చప్పట్లు కొట్టని రోజు. అయినా వదిలేయకుండా చివరిదాకా నడిపాడు. 69కి ఆ 3 కలిస్తే 72. ఛాంపియన్!

ఆ రేసు ఎక్కడ జరిగిందో తెలుసా? నూర్‌బుర్గ్‌రింగ్‌లో. పాత ట్రాక్ పక్కన కొత్తగా కట్టిన చిన్న ట్రాక్ మీద. ఎనిమిదేళ్ల కిందట అతను కాలిపోయిన ప్రాంతంలోనే.

మీకూ ఈ వారం అలాంటి రోజు ఒకటి వస్తుంది. అనుకున్నట్టు సాగని రోజు. మొదటి స్థానం ఎలాగూ రాదని తెలిసిన రోజు. వదిలేయాలనిపిస్తుంది. వదలకండి. నాలుగో స్థానంలోనైనా సరే, పూర్తి చేయండి. రాత్రి నోట్‌బుక్ తీసి ఆ 3 పాయింట్లు రాసుకోండి.

నోట్‌బుక్ ఈ రోజే కొనండి. మొదటి పేజీ ఈ రాత్రే రాయండి.