గెడ్డలో నీళ్లుండాలంటే కొండ మీద పని మొదలెట్టాలి
పాచిపెంట రైతులకు నీటి ప్రణాళిక పాఠం

వేగావతి నది పుట్టింది పాచిపెంట కొండల్లోనే. సాలూరు మండలం కొండల్లో పుట్టిన సువర్ణముఖికి పక్కపక్కనే పారి, చివరకు నాగావళిలో కలుస్తుంది. పెద్దగెడ్డ జలాశయం కూడా ఈ మండలంలోనే ఉంది. అంటే పల్లంలో వరి పండించే రైతుకు నీరు పుట్టేది పైన కొండదొరలు, గదబలు కాపురముండే కొండల మీద. అయినా ఎండాకాలం వచ్చేసరికి ఆ కొండ మీది వాడల్లోనే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చలమల దగ్గర కూర్చోవలసి వస్తోంది. నీరు పుట్టేచోట నీరు లేకపోవడం ఏమిటి? దీనికి జవాబు దొరకాలంటే నీటిని కాపాడే ప్రణాళిక ఎలా వేస్తారో, ఎక్కడ తప్పిపోతుందో రైతులు తెలుసుకోవాలి.

ప్రణాళికలకు కొదవ లేదు

మన రాష్ట్రంలో నేల, నీరు కాపాడేందుకు పథకాలు చాలానే వచ్చాయి. 1995లో కొత్త మార్గదర్శకాలతో వాటర్‌షెడ్ పథకం మొదలైంది. సుమారు 500 హెక్టార్లను ఒక యూనిట్‌గా తీసుకుని, హెక్టారుకు 4 వేల రూపాయల లెక్కన 20 లక్షలు ఇచ్చారు. 2000లో ‘నీరు-మీరు’ వచ్చింది. 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం చేశారు. దీన్నే అందరూ వాల్టా అంటారు. 2006లో ఉపాధి హామీ మొదటి విడతలోనే అప్పటి విజయనగరం జిల్లాకు దక్కింది. 2015లో ‘నీరు-చెట్టు’ పెట్టారు. 2019లో ఇంటింటికీ కుళాయి ఇస్తామని కేంద్రం జల్ జీవన్ మిషన్ ప్రకటించింది. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి, పాచిపెంట అందులో చేరింది.

చిక్కు ఎక్కడుందంటే, ఈ పనులన్నీ వేర్వేరు శాఖల చేతుల్లో ఉంటాయి. అడవి ఒకరిది, కందకాలు ఒకరివి, జలాశయం ఇంకొకరిది, కుళాయి మరొకరిది. ఎవరి ఎస్టిమేటు వారిది. నీటికి మాత్రం ఇన్ని శాఖలు లేవు. కొండ నెత్తిన పడ్డ చుక్క వాలు మీదుగా దిగి, ఊటలో తేలి, గెడ్డలో పారి, చెరువుకు చేరుతుంది. కనుక ప్రణాళిక కూడా ఆ దారినే, పైనుంచి కిందికి నడవాలి. ‘ముందు శిఖరం, తర్వాత వాలు, ఆఖరున పల్లం’ అన్నది వాటర్‌షెడ్ పనికి మొదటి సూత్రం. చాలాచోట్ల దీన్ని తిరగేస్తారు. జీపు వెళ్లే చోట చెక్‌డ్యాం కడతారు, కొండను వదిలేస్తారు. రెండు మూడు వానలకే పైనుంచి వచ్చిన మట్టితో చెక్‌డ్యాం పూడిపోతుంది.

మన కొండల తీరు

ఈ తూర్పు కనుమల్లో ఎక్కువగా ఉండేది ఖొండలైటు వంటి గట్టి రాయి. ఇసుక నేలల్లో మాదిరిగా దీంట్లో లోతున నీటి నిల్వ ఉండదు. పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ మాత్రమే నీరు నిలుస్తుంది. ఆ పొరే మన కొండకు నీటి తొట్టి. అడవి నరికి, పోడు మళ్లీ మళ్లీ కొట్టి, పైమట్టి కొట్టుకుపోతే ఆ తొట్టి చిన్నదైపోతుంది. అప్పుడు వాన కురిసిన రోజున గెడ్డ పొంగుతుంది, సంక్రాంతి దాటేసరికి ఊట సన్నగిల్లుతుంది. కొండ మీద బోర్లు వేసినా చాలాచోట్ల ఫలితం దక్కనిది ఇందువల్లే.

కిందికి కొట్టుకొచ్చిన మట్టి ఎక్కడికి పోతుంది? జలాశయంలోకి, చెరువుల్లోకి. పూడిక పెరిగిన మేరకు నిల్వ తగ్గుతుంది. కనుక కొండ మీద కందకం తవ్వడం గిరిజనులకు చేసే ఉపకారం అని ఆయకట్టు రైతులు అనుకోరాదు. అది వారి సొంత కాలువకు చేసుకునే మరమ్మతు.

వాన లెక్క, కందకం లెక్క

ఒక ఎకరంపై ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీరు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు కురిస్తే ఎకరానికి 40 లక్షల లీటర్లు. నాలుగు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర మీటరు లోతున్న కందకం ఒకసారి నిండితే వెయ్యి లీటర్లు పడుతుంది. ఎకరాకు 40 కందకాలుంటే ఒక నింపుకు 40 వేల లీటర్లు. వానాకాలంలో పదిసార్లు నిండితే 4 లక్షల లీటర్లు, అంటే మొత్తం వానలో పదో వంతు నేలలో ఇంకుతుంది. ఇంకిన నీరంతా ఊటకే చేరదు. కొంత చెట్లు తాగుతాయి, కొంత వేరే పగుళ్లలోకి పోతుంది. అయినా కొట్టుకుపోయే నీటిని ఆపడంలో, మట్టిని నిలపడంలో ఇంత చవకైన పని ఇంకొకటి లేదు.

కందకాలు వాలుకు అడ్డంగా, సమాన ఎత్తు గీత మీదే తవ్వాలి. వంకరగా తవ్వితే నీరు ఒక కొసకు చేరి గట్టు తెంచుకుంటుంది. ఆ గీత పట్టడానికి ఇంజనీరే రావక్కరలేదు. సమానమైన రెండు పొడవాటి కర్రలను పైన కలిపి, నడుమ అడ్డకర్ర బిగించి, కొస నుంచి తాడుకు రాయి వేలాడదీస్తే ‘ఏ’ ఫ్రేము తయారవుతుంది. దాన్ని నిలబెట్టి, తాడు అడ్డకర్రను తాకినచోట గుర్తు పెట్టాలి. తర్వాత కాళ్లు తారుమారు చేసి అదే చోట నిలబెట్టి మళ్లీ గుర్తు పెట్టాలి. రెండు గుర్తుల సరిగ్గా మధ్యకు తాడు వచ్చినప్పుడు రెండు కాళ్లూ సమాన ఎత్తులో ఉన్నట్టు.

ఒక వరుస కందకాల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరుస కందకం రావాలి. తవ్విన మట్టిని పల్లం వైపే వేసి, దాని మీద కొండచీపురు గానీ గడ్డి గానీ నాటాలి. మరీ నిట్టనిలువుగా ఉన్న వాలులో కందకం తవ్వితే చరియ జారే ప్రమాదం ఉంది. అక్కడ చెట్టును, గడ్డిని ఎదగనివ్వడమే మందు.

వాన నీరు కోసిన చిన్న వాగుల్లో రాళ్ల అడ్డుకట్టలు వేయాలి. పని పైనుంచి మొదలుపెట్టాలి. కట్ట నడిమి భాగం అంచులకన్నా తగ్గుగా ఉండాలి. లేకుంటే నీరు పక్కగట్లను కోసుకుని పోతుంది. పై కట్ట అడుగు, కింది కట్ట పైభాగం దాదాపు ఒకే ఎత్తున ఉండేలా దూరం చూసుకోవాలి. జీడిమామిడి తోటల్లో చెట్ల కింద నేలను పూర్తిగా చెక్కి వదిలేయకుండా వాలుకు అడ్డంగా గడ్డి పట్టీలు ఉంచితే మట్టి నిలుస్తుంది. ఊటల దరిదాపుల్లో నీలగిరి మొక్కలు నాటకపోవడం మంచిది.

ఊటను కొలవండి

ప్రణాళికకు అసలు కావలసింది కొలత. పది లీటర్ల బకెట్టు, సెకన్ల ముల్లున్న గడియారం ఉంటే చాలు. ఊట దగ్గర బకెట్టు నిండడానికి ఎంతసేపు పడుతుందో నెలనెలా రాసి పెట్టండి. బకెట్టు నిమిషానికి నిండితే రోజుకు 14,400 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు కావాలి. 200 మంది ఉన్న వాడకు 11 వేల లీటర్లు. అంటే ఆ సన్నటి ఊట కూడా సరిపోతుంది! కానీ రాత్రంతా పారిన నీరు గెడ్డ పాలవుతుంది గనుక పొద్దున్న బిందెల దగ్గర తగవు తప్పదు. అక్కడ కావలసింది కొత్త బోరు కాదు, రాత్రి నీరు పట్టే ట్యాంకు. ఊట వాడకన్నా ఎత్తున ఉంటే కరెంటు మోటారు కూడా లేకుండా గొట్టంలో నీరు దానంతటదే దిగుతుంది.

అదే బకెట్టు నిండడానికి మే నెలలో రెండు నిమిషాలు పడితే రోజుకు 7,200 లీటర్లే. 3,800 లీటర్లు కొరత. అప్పుడు ట్యాంకుతో పాటు పైకొండ మీద కందకాల పని కూడా కావాలని లెక్కతో సహా అడగవచ్చు.

నీరుంటే చాలదు, మంచిదై ఉండాలి

తేటగా కనబడ్డ ఊటనీరంతా మంచినీరు కాదు. ఊట పైభాగాన పశువుల మంద గానీ, బహిర్భూమి గానీ, మరుగుదొడ్డి గుంట గానీ ఉంటే రాతి పగుళ్లలోంచి మలినం నేరుగా నీటిలో కలుస్తుంది. తొలకరి వానల్లో వాంతులు, విరేచనాలు చెలరేగడానికి ఇదొక ముఖ్య కారణం. మరుగుదొడ్డి గుంట నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో, అదీ దిగువన ఉండాలి. ఊట చుట్టూ కంచె కట్టి, పైన రాతిమూత వేసి, వాననీరు పక్కకు పోయేలా చిన్న కాలువ తీయాలి. పురుగుమందు డబ్బాలు, స్ప్రేయర్లు గెడ్డలో కడగరాదు.

తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500. దీని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలై క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటరాదు. ఫ్లోరైడు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర దాకా. ఊళ్లో ఐదుగురికి, వీలైతే ఆడవాళ్లకే, పరీక్ష కిట్టు వాడకం నేర్పాలని జల్ జీవన్ మార్గదర్శకాల్లో ఉంది. సీసాలో నీరు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిందంటే మలినం కలిసినట్టే. రసాయన పరీక్ష ఏడాదికొకసారి, క్రిముల పరీక్ష వానలకు ముందొకసారి, తర్వాతొకసారి చేయించాలి.

వెయ్యి లీటర్ల తేట నీటికి మంచి బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు సరిపోతుంది. బకెట్టులో కలిపి, మడ్డి దిగాక పైతేటనే ట్యాంకులో పోసి, గంటసేపు ఆగి నీరు వదలాలి. గాలి తగిలి పాతబడిన పౌడరు పనిచేయదు. అనుమానం ఉంటే నీరు మరగబెట్టి తాగడమే క్షేమం.

చట్టం ఎవరి చేతికిచ్చింది?

వాల్టా చట్టం ప్రకారం పదిమందీ తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా సొంత బావి, బోరు వేయరాదు. చెట్లు నరకడానికి, ఇసుక తవ్వడానికీ అదుపులు పెట్టారు. ఇక షెడ్యూల్డ్ గ్రామాలకు 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. దాన్ని అనుసరించి మన రాష్ట్రం 1998లో చట్టం, 2011లో నియమాలు చేసింది. ఊరి అభివృద్ధి ప్రణాళికకు పని మొదలయ్యే ముందే గ్రామసభ ఆమోదం ఉండాలనీ, చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలనీ పెసా చెబుతోంది. పాచిపెంట మండలంలో షెడ్యూల్డ్ గ్రామాలు, కాని గ్రామాలు రెండూ ఉన్నాయి. మీ ఊరు ఏ కోవలోదో ముందు ఐటీడీఏలో గానీ, తహశీల్దారు కార్యాలయంలో గానీ తెలుసుకోండి.

హక్కు కాగితం మీద ఉన్నంత మాత్రాన పని జరగదు. పూర్తయిన ఎస్టిమేటు తెచ్చి సంతకాలు పెట్టించుకుంటే దాన్ని గ్రామసభ అనరు. సభకు వెళ్లేటప్పుడు మూడు కాగితాలు పట్టుకెళ్లండి. ఒకటి, ఊళ్లోని ఊటలు, గెడ్డలు, బందలు, కొండవాలు గీసిన చేతి పటం. రెండు, నెలవారీ బకెట్టు లెక్క. మూడు, నీటి పరీక్ష ఫలితం. వీటిని తీర్మానంలో రాయించి, నకలు తీసుకోండి. పటం గీసేటప్పుడు నీళ్లు మోసే ఆడవాళ్లను తప్పక కూర్చోబెట్టాలి. ఏ ఊట ఏ నెలలో ఎండుతుందో మగవాళ్లకన్నా వాళ్లకే బాగా తెలుసు.

కింది ఆయకట్టు రైతులూ ఈ పనిలో చేతులు కలపాలి. జలాశయం గేట్ల గురించి అర్జీలు పెట్టే సంఘాలు, పైకొండ కందకాల గురించీ ఒక అర్జీ పెట్టడం అవసరం. కందకాల తవ్వకం తొలకరికి ముందే పూర్తి కావాలి. బకెట్టు కొలత ఈ నెలే మొదలుపెడితే, వచ్చే ఎండాకాలానికి మీ ఊరి లెక్క మీ చేతిలో ఉంటుంది.