ఎంతకీ తగ్గని దగ్గు: మూలం కడుపులో ఉందేమో!

దగ్గు రాగానే మనం సిరప్ సీసా కొంటాం. తగ్గకపోతే ఇంకొకటి కొంటాం. పెద్దవారిలో 8 వారాలు దాటినా తగ్గని దగ్గును వైద్యులు దీర్ఘకాలిక దగ్గు అంటారు. ఆస్తమా, సైనస్, పొగాకు, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు ఇందుకు కారణం కావచ్చు. మనకు తట్టని కారణం మరొకటి ఉంది. అది కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నడం.

అన్నవాహిక చివర ఒక కండరం తలుపులా పనిచేస్తుంది. ముద్ద దిగగానే మూసుకోవాలి. అది వదులైతే ఆమ్లం పైకి వచ్చి గొంతును రేపుతుంది. అన్నవాహిక కింది భాగాన్ని తాకినా నరాల ద్వారా దగ్గు పుట్టవచ్చు. అందుకే ఛాతీలో మంట లేనివారికీ ఈ దగ్గు వస్తుంది. తిన్నాక, పడుకున్నాక దగ్గు పెరగడం, గొంతు బొంగురుపోవడం, నోట్లో పులుపు దీని గుర్తులు.

అయితే ముందు ఒక జాగ్రత్త. 2 వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కఫ పరీక్ష తప్పనిసరి. క్షయ కాదని తేలాకే మిగతా ఆలోచన.

పాటించవలసినవి:

1. రాత్రి భోజనానికీ నిద్రకూ 3 గంటల ఎడం ఉండాలి.

2. మంచం తలవైపు కోళ్ల కింద కదలకుండా ఇటుకలు పెట్టి 6 అంగుళాలు ఎత్తాలి. దిండ్లు పేర్చితే నడుము వంగి పొట్ట నొక్కుకుంటుంది.

3. ఎడమవైపు తిరిగి పడుకోవాలి.

4. బరువు తగ్గాలి. పొగ, గుట్కా మానాలి. వేపుళ్లు, టీ తగ్గించాలి.

5. రంజాన్‌లో ఇఫ్తార్‌ను ఖర్జూరం, పండ్లతో తేలికగా ముగించి, భోజనం తర్వాత మితంగా చేయాలి. సహరీ తినగానే నడుం వాల్చకూడదు.

ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు వైద్యుడు రాస్తేనే వాడాలి. మంట తగ్గినంత త్వరగా దగ్గు తగ్గదు. 2, 3 నెలలు ఓపిక పట్టాలి. బీపీ మాత్రలను సొంతంగా ఆపకూడదు. కఫంలో రక్తం, బరువు తగ్గడం, ముద్ద దిగకపోవడం, నల్లటి విరేచనం, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

దాతలమైన మనం దగ్గు మందుల చీటీకి డబ్బు ఇచ్చేముందు రెండు ప్రశ్నలు అడుగుదాం: "కఫ పరీక్ష అయిందా? రాత్రి ఎన్ని గంటలకు తింటున్నారు?" ఆ రెండు మాటలకు ఖర్చు లేదు. అవి ఒక ఇంట్లో క్షయను సకాలంలో బయటపెట్టవచ్చు, మరో ఇంట్లో నెలనెలా సిరప్‌కు పోయే డబ్బును పిల్లల చదువుకు మిగల్చవచ్చు.