యాక్సెస్‌లో పాప్-అప్ ఫారం ఎక్కడ తెరుచుకోవాలి?

ఎమ్మెస్ ఆఫీస్ నేర్చుకున్నవాళ్లకి యాక్సెస్‌లో టేబుల్ తయారు చేయడం, విజార్డుతో ఫారం వేయడం తెలిసే ఉంటుంది. ఆ తర్వాతి మెట్టు ఒకటి ఈ పాఠంలో చూద్దాం. బటన్ నొక్కగానే పైకి వచ్చే చిన్న ఫారాన్ని పాప్-అప్ ఫారం అంటారు. అది తెర మీద ఎక్కడ కూర్చోవాలో మనమే నిర్ణయించవచ్చు.

ఇది అందం కోసం చేసే పని అనుకోకండి. హాస్టల్ బోర్డర్ల జాబితా ఒక ఫారంలో వరుసగా ఉందనుకుందాం. ఒక్కో వరుసలో అడ్మిషన్ నంబరు, పేరు, తరగతి, చివర ఒక బటన్. బటన్ నొక్కితే బ్యాంకు ఖాతా నంబరు ఎక్కించే చిన్న ఫారం వస్తుంది. అది సరిగ్గా మధ్యలో తెరుచుకుని ఆ వరుసనే కప్పేస్తే, ఎవరి పేరు దగ్గర నొక్కామో కనిపించదు. వంద మందివి ఎక్కించేటప్పుడు ఒకరి ఖాతా నంబరు అదే పేరున్న ఇంకొకరికి పడిపోవడం ఎంతసేపు? ఆగిపోయేది ఆ విద్యార్థి ఉపకార వేతనం.

ముందు ప్రాపర్టీ షీట్ తెరవండి. అందులో 'పాప్ అప్'కు ఎస్ పెడితే ఆ ఫారం మిగతా యాక్సెస్ ఫారాల పైనే ఉంటుంది. 'మోడల్'కు ఎస్ పెడితే దాన్ని మూసేదాకా వేరే ఫారం ముట్టుకోనివ్వదు. ఈ రెండూ ఒకటే అని చాలామంది పొరబడతారు. 2007 వెర్షన్ నుంచి మామూలు ఫారాలు ట్యాబుల్లో తెరుచుకునే ఏర్పాటు వచ్చింది. ట్యాబులో ఉన్న ఫారాన్ని జరపలేం. కాబట్టి చోటు మన చేతిలో ఉండాలంటే పాప్ అప్ ఎస్ కావాలి.

'ఆటో సెంటర్'కు ఎస్ పెడితే ఫారం మధ్యలో వస్తుంది. నో పెడితే చివరిసారి సేవ్ చేసినప్పుడు ఎక్కడుందో అక్కడే వస్తుంది. మనకు కావలసింది నో.

ఇక కోడ్. ఇక్కడ పలికినట్టు తెలుగులో రాస్తున్నాను, కంప్యూటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి. చిన్న ఫారం లోడ్ ఈవెంట్‌లో ఈ ఒక్క వరుస చాలు:

మీ.మూవ్ 6500, 1000

ఈ 'మీ' మన 'మీరు' కాదు, 'ఈ ఫారం' అని అర్థం. మొదటి అంకె ఎడమ నుంచి దూరం, రెండోది పై నుంచి. కొలత ట్విప్‌లలో. అంగుళానికి 1440, సెంటీమీటరుకు 567 ట్విప్‌లు. మూవ్ 2002 వెర్షన్ నుంచి ఉంది. అంతకుముందు నుంచీ ఉన్న డూసీఎండీ.మూవ్‌సైజ్ కూడా పనిచేస్తుంది గానీ, అది ఆ క్షణాన ఏ ఫారం చురుగ్గా ఉంటే దాన్నే జరుపుతుంది. మూవ్ అయితే పేరు పెట్టి పిలిచినట్టు.

ఈ వరుసను బటన్ కోడ్‌లో, ఓపెన్‌ఫారం కింద ఎందుకు రాయకూడదు? ఓపెన్‌ఫారంకు ఆరో స్థానంలో ఏసీడైలాగ్ ఇస్తే, చిన్న ఫారాన్ని మూసేదాకా లేదా దాచేదాకా బటన్ కోడ్ అక్కడే ఆగిపోతుంది. కింద రాసిన జరిపే వరుస వంతు ఫారం మూసిన తర్వాత వస్తుంది. అప్పటికి జరపడానికి ఏమీ ఉండదు. అందుకే ఫారం తనను తానే జరుపుకోవాలి.

6500 ఎందుకన్నది లెక్క. జాబితాలో పేర్లు ఎడమవైపు 6000 ట్విప్‌లలోపు ఉన్నాయి, చిన్న ఫారం వెడల్పు 5000 అనుకుందాం. 6500 దగ్గర మొదలైతే 11500 దగ్గర ముగుస్తుంది. విండోస్ స్కేలింగ్ 100 శాతం ఉంటే ఒక పిక్సెల్‌కు 15 ట్విప్‌లు. అంటే 800 పిక్సెళ్ల పాత మానిటర్ 12000 ట్విప్‌లు, దాంట్లోనూ పడుతుంది. అదే 12000 దగ్గర మొదలుపెడితే 17000 దాకా పోతుంది. 1366 పిక్సెళ్ల ల్యాప్‌టాప్‌లో 20490 ఉంటాయి కాబట్టి బాగానే కనిపిస్తుంది. అదే ల్యాప్‌టాప్‌లో అక్షరాలు పెద్దగా కనబడాలని ఎవరైనా స్కేలింగ్ 125 శాతం చేస్తే పిక్సెల్‌కు 12 ట్విప్‌లే, మొత్తం 16392. ఫారం కుడి అంచు, దానితోపాటు మూసే గుర్తు తెర బయటికి పోతాయి. కాబట్టి మీరు తయారు చేసే కంప్యూటర్ కొలత కాదు, రేపు కూర్చుని ఎక్కించేవాళ్ల కంప్యూటర్ కొలత తీసుకోండి.

చోటు ఒక్కటే నమ్ముకోవడం కూడా నాకు ఇష్టం లేదు. ఓపెన్‌ఫారం నాలుగో స్థానంలో అడ్మిషన్ నంబరు షరతు పెడితే ఆ విద్యార్థి రికార్డే తెరుచుకుంటుంది. ఏడో స్థానమైన ఓపెన్‌ఆర్గ్స్‌లో పేరు, నంబరు పంపి, లోడ్ ఈవెంట్‌లోనే మీ.క్యాప్షన్ = మీ.ఓపెన్‌ఆర్గ్స్ అని రాస్తే ఫారం తలమీద పేరు కనిపిస్తుంది.

ఎప్పుడైనా మోడల్ ఫారం తెర బయట తెరుచుకుంటే ఎక్కడ నొక్కినా పని జరగదు, కంప్యూటర్ బిగుసుకుపోయిందనిపిస్తుంది. కంగారుపడి ఆపేయకండి. ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎమ్ నొక్కి, బాణం గుర్తులతో లోపలికి లాక్కోవచ్చు. ఇది కంట్రోల్ బాక్స్ తీసేయని ఫారాలకే కుదురుతుంది, కనుక దాన్ని తీసేయకండి.