కిన్నెరసాని సీమ సుగంధములు

ప్రతి సీమకును ఒక రూపము, ఒక పలుకుబడి, ఒక రుచి ఉన్నట్లే ఒక వాసన కూడ ఉండును. కన్నులు మూసికొని నిలిచినను సముద్రతీరమును ఉప్పుగాలి తెలుపును. మామిడితోటను పూతవాసన తెలుపును. చిరకాలము దూరదేశమున నివసించినవానికి ఊరివాసన ఒక్కటి తగిలినంతనే బాల్యమంతయు కన్నులయెదుట నిలుచును. పరిమళద్రవ్యములను కూర్చు నిపుణులు ఈ రహస్యము నెరిగినవారు. ఒక ప్రదేశపు స్వభావమును చిన్న బుడ్డిలో నిలుపవలెనని వారు యత్నించుచుందురు. కొండ, అడవి, నీరు ఒక్కచోట కూడిన సరస్సుల సీమలు వారికి మిక్కిలి ప్రియమైనవి.

తెలుగునాట అట్టి సీమలలో కిన్నెరసాని సీమ యొకటి. కిన్నెరసాని నది ములుగు ప్రాంతపు కొండలలో పుట్టి, అడవులగుండ ప్రవహించి గోదావరిలో కలియును. విశ్వనాథ సత్యనారాయణ తన 'కిన్నెరసాని పాటలు' కావ్యముచే ఈ చిన్ననదికి తెలుగువారి హృదయములలో శాశ్వతస్థానము కల్పించెను. పాల్వంచకు చేరువ యానంబైలు వద్ద నదికి అడ్డముగా కట్టిన ఆనకట్టవలన విశాలమైన జలాశయ మేర్పడినది. నీటినడుమ చిన్న చిన్న దీవులు, చుట్టును టేకు, మద్ది, తునికి, వెదురు నిండిన కొండలు కలవు. 1977లో ఈ ప్రాంతమును వన్యమృగ సంరక్షణకేంద్రముగా ప్రకటించిరి. పూర్వము ఖమ్మము జిల్లాలో నుండిన ఈ సీమ 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో నున్నది.

ఈ అడవికి ఋతువునకొక వాసన. వేసవి మొదట ఇప్పచెట్లు ఆకు రాల్చి పూచును. తెల్లవారకమునుపే కండగల లేతపసుపు పూలు జలజల రాలి నేలను కప్పును. కోయ స్త్రీలును పిల్లలును బుట్టలు చేతబట్టి వాటిని ఏరుదురు. ఎండబెట్టిన ఇప్పపూవు వారికి ఆహారము, ఇప్పగింజ నూనెనిచ్చును. మత్తుగొల్పు ఆ తీపివాసన రాత్రివేళ గబ్బిలములను, వేకువవేళ ఎలుగుబంట్లను చెట్టుకడకు పిలుచును. గబ్బిలములు పూవునుండి పూవునకు పుప్పొడిని చేర్చును. పరిమళము మనుష్యుల వినోదముకొరకు పుట్టినది కాదు. అది చెట్టు తన సంతానమునకై పంపు సందేశము.

పిమ్మట తొలకరి వచ్చును. ఎండి బీటలువారిన నేలమీద తొలిచినుకు పడినంతనే లేచు మట్టివాసనను ఎరుగని తెలుగువాడు లేడు. ఈ వాసన ఎట్లు పుట్టుచున్నది? ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులైన ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ 1964లో దీనిని వివరించి 'పెట్రికోర్' అని పేరిడిరి. ఎండకాలమున మొక్కలనుండి వెలువడు కొన్ని తైలములను మన్నును రాళ్లును పీల్చుకొనును. వానతడి తగిలినపుడు అవి గాలిలోనికి విడుదల యగును. మట్టిలో నివసించు స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు పుట్టించు 'జియోస్మిన్' కూడ వాటితో చేరును. లక్షకోట్ల పాళ్లలో కొద్ది పాళ్లున్నను మనుష్యుని ముక్కు దానిని గుర్తింపగలదు. ఈ వాసనకు ఆకర్షింపబడిన కొన్ని చిన్నపురుగులు సూక్ష్మజీవుల బీజములను దూరమునకు మోయునని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తెలుపుచున్నది. ఇప్పపూవు గబ్బిలమును పిలిచినట్లే మన్నును తన బంటులను పిలుచుచున్నదన్నమాట.

శాస్త్రజ్ఞులు పేరు పెట్టుటకు ఎంతో పూర్వమే మనదేశమున ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణమువారు మట్టివాసనను పట్టి అత్తరు చేయ నేర్చిరి. నీరు తగ్గిన కుంటల మన్ను త్రవ్వి, బిళ్లలుగా చేసి కాల్తురు. ఆ బిళ్లలను నీటితో గూడ పెద్ద రాగికాగులో నుంచి, మూతచుట్టు మట్టితో మెత్తి, క్రింద సన్నని మంట పెట్టుదురు. ఆవిరి వెదురుగొట్టముగుండ నీటితొట్టిలోని మరియొక రాగిపాత్రను చేరి చల్లబడును. అందలి చందనతైలము ఆవిరిలోని వాసనను పట్టుకొనును. అత్తరును తోలుకుప్పెలలో కొన్నాళ్లు నిలువ యుంచినచో మిగిలిన తడి ఆవిరియై పోవును. మంట పెరిగినను తరిగినను పని చెడును. పనివాని చేతికి, ముక్కునకు మించిన కొలతపాత్ర అచట లేదు.

చెరువుగట్టు ఇచ్చు సుగంధములు ఇంకను కలవు. తేమనేలలో పెరుగు వట్టివేరు గడ్డి పైకి సామాన్యము. దాని గొప్పతనమంతయు భూమిలో నున్నది. వేళ్లు మనిషి నిలువును మించి లోతునకు దిగి మట్టిని గట్టిగా పట్టుకొనును. ఆ వేళ్లతో అల్లిన తడికలపై నీరు చల్లినచో వేసవిగాలి చల్లనై, సువాసనతో ఇంట ప్రవేశించును. మొగలిపొదలు నీటి ఒడ్డులందు పెరుగును. వాటిలో మగపూవే ఎక్కువ సువాసన గలది. చిలికా సరస్సునకు చేరువనున్న గంజాము జిల్లాలో, తెలుగువారును నివసించు ఆ సీమలో, మొగలి అత్తరు నేటికిని పేరొందిన పరిశ్రమ. ఇక రోషాగడ్డి తైలము గులాబిని పోలిన వాసన గలది. అది బొంబాయి రేవునుండి తురుష్కదేశమునకు ఎగుమతియై, గులాబి అత్తరులో కలుపబడుచుండెడిది.

పరిమళమును కూర్చుట సంగీతమును కూర్చుటవంటిది. ముందుగా వినబడి వేగముగా మాయమగు తేలికవాసనలు, పిమ్మట కొంతసేపు నిలుచు పూలవాసనలు, చివరివరకు అంటియుండు బరువైన వాసనలు అని మూడు అంతస్తులు కలవు. కిన్నెరసాని సీమను బుడ్డిలో నింపదలచిన నిపుణుడు మొదట రోషాగడ్డిని, నడుమ మొగలిని, అడుగున మట్టి అత్తరును, వట్టివేరును కూర్పవచ్చును. మూత తీసినపుడు గడ్డిమైదానపు గాలి, కొంతసేపటికి చెరువుగట్టు, సాయంకాలమునకు తడిసిన నేల తలపునకు వచ్చును.

నీటిని, సుగంధమును సమానముగా ఆదరించిన పాలకులు తెలుగువారికి ఉండిరి. కాకతి గణపతిదేవుని కాలమున పాకాల చెరువు వెలసినది. ఆయన సోదరి మైలాంబ బయ్యారమున చెరువు త్రవ్వించి శాసనము వేయించెను. అదే గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున ఓడవర్తకులకు అభయమిచ్చుచు వేయించిన శాసనములో చందనము, కర్పూరము, పన్నీరు, జవ్వాజి మున్నగు సరకులపై సుంకములు నిర్ణయింపబడినవి.

అయితే సుగంధముపై ఆశ హద్దు మీరినచో సుగంధమే నశించును. పూలు ఏరుట సులభమగునని ఇప్పచెట్ల క్రింది ఎండుటాకులకు నిప్పు పెట్టుట కొన్నిచోట్ల కలదు. గాలి వీచినచో ఆ నిప్పు అడవిని కాల్చి, రేపటి ఇప్పచెట్లు కావలసిన లేతమొలకలను మ్రింగివేయును. వట్టివేరు తీయవలెనన్న మొక్కను పెరికివేయవలెను. పిలకలు తిరిగి నాటనిచో గట్టు వానకు కరగిపోవును. మితిలేక నరుకుటచే చందనము అరుదై వెల పెరిగినది. అందుచే అనేకులు చందనతైలమునకు మారుగా వాసనలేని ఇతర తైలములను వాడవలసివచ్చినది.

మరియొక వింత కలదు. తొలకరియందు మనస్సును మురిపించు జియోస్మినే త్రాగునీటిలోనో, చేపలోనో అధికమైనచో మనము ముక్కు మూసికొందుము. ఊరి మురుగు, పొలముల ఎరువు చెరువులో కలిసినపుడు నీలియాకుపచ్చ నాచు విరివిగా పెరుగును. ఆ నాచులలో కొన్ని జియోస్మిన్‌ను పుట్టించును. వాసన ఒక్కటే; నేలమీద శుభవార్త, నీటిలో హెచ్చరిక. కనుక చెరువుకడ నిలిచి గాలి పీల్చినవాడు దాని ఆరోగ్యమును కొంతవరకు గ్రహింపగలడు. తెలంగాణమున 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పనులలో అనేకములైన చెరువుల పూడిక తీసి, ఆ మట్టిని పొలములకు చేర్చిరి. పూడిక తీసిన చెరువులోనికి మరల మురుగును వదలినచో ఆ శ్రమ వ్యర్థము.

బుడ్డిలోని అత్తరు కొంతకాలమునకు అయిపోవును. ధనమున్నచో మరియొకటి కొనవచ్చును. చెరువు చచ్చినచో, అడవి కాలినచో, ఆ సీమ వాసనను ఏ అంగడియు అమ్మజాలదు. పూవును ఏరువాడు మొలకను కాపాడవలెను. వేరును తీయువాడు పిలకను నాటవలెను. నీటిని త్రాగువాడు గట్టును రక్షింపవలెను. అప్పుడే తొలిచినుకు పడిననాడు కిన్నెరసాని గట్టున ఆడుకొను బాలుడు తలయెత్తి, తాతలు పీల్చిన గాలినే తానును పీల్చును.

ప్రశ్నలు

1. తొలకరినాటి మట్టివాసన ఎట్లు పుట్టునో వివరింపుము.
2. మట్టి అత్తరు చేయు విధానమును వ్రాయుము.
3. "వాసన ఒక్కటే, నేలమీద శుభవార్త, నీటిలో హెచ్చరిక" – ఈ వాక్యమును సమర్థింపుము.
4. మీ ఊరి చెరువుకడ ఏయే వాసనలు కలవో గమనించి ఒక వ్యాసము వ్రాయుము.