జాలి తేలిక, పరిచయం కష్టం

రష్యన్ చిత్రకారుడు ఇల్యా రేపిన్ ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడు నీవా నది ఒడ్డున ఒక దృశ్యం చూశాడు. ముస్తాబై షికారు చేస్తున్న సంపన్నుల పక్కనుంచే చిరుగుబట్టల కూలీలు పడవకు తాడు కట్టి లాగుతూ పోతున్నారు. మనసు కలుక్కుమంది. ఆ విలాసాన్నీ ఆ దైన్యాన్నీ పక్కపక్కన పెట్టి బొమ్మ వేశాడు. మిత్రుడు ఫ్యోదర్ వసీల్యెవ్ మాత్రం అది కావాలని కూర్చినట్టుందని తేల్చేసి, వోల్గా నదికి వెళ్ళి పడవలు లాగే మనుషుల్ని స్వయంగా చూడమన్నాడు. అలాంటి మిత్రులు అందరికీ దొరకరు.

1870 వేసవిలో రేపిన్ వోల్గా తీరంలో మకాం పెట్టాడు. అక్కడ పరిచయమైనవాడే కానిన్. వయసు మళ్ళుతున్న మనిషి. ఒకప్పుడు చర్చిలో పూజారి, ఇప్పుడు తలకు గుడ్డ చుట్టుకుని ఛాతీకి పట్టీ తగిలించుకుని పడవ లాగుతున్నాడు. అతని ముఖంలో రేపిన్‌కు దైన్యం కాదు, ప్రాచీన గ్రీకు తత్వవేత్త కనిపించాడు. 1873లో పూర్తయిన చిత్రంలో లాగేవాళ్ళు 11 మంది. అందరికంటే ముందు నడిచేవాడు కానిన్. షికారు సంపన్నులు ఎక్కడా లేరు, వాళ్ళ అవసరం తీరిపోయింది.

మనకిది దూరపు సంగతేమీ కాదు. కృష్ణా కాలువ, గోదావరి కాలువ కలిసేది ఏలూరులోనే. ఆ గట్ల మీద నడుస్తూ సరుకు పడవల్ని తాళ్ళతో లాగినవాళ్ళు మన తాతల కాలంలోనూ ఉన్నారు. వాళ్ళలో ఒక్కరి ముఖమైనా మనకు గుర్తుందా?

జాలి పడగానే ఏదో మంచిపని చేసినట్టుంటుంది. అందుకే అక్కడే ఆగిపోతాం. కొల్లేట్లో దోనె నడిపే ముసలాయన్ని ఫోన్లో ఫొటో తీసి, కింద ‘నిజమైన హీరో’ అని రాసేస్తాం. ఆయన పేరు మాత్రం అడగం. నా దృష్టిలో ఆ పొగడ్త కూడా జాలికి తోబుట్టువే.

వ్యక్తిత్వం పెంచుకోవాలని చాలామంది ఎదుటివాళ్ళ కళ్ళలోకి సూటిగా చూసి మాట్లాడటం సాధన చేస్తుంటారు. ఇంటర్వ్యూకు అది పనికొస్తుంది. దాంతోపాటు ఇంకొకటి చేసి చూడండి. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌కు వెళ్ళినప్పుడు, పని సద్దుమణిగి టీ తాగుతున్న పెద్దవయసు ముఠా కూలీ పక్కన కూర్చోండి. ‘ఎంత కష్టం బాబాయ్’ అంటే ఆయన తలూపి ఊరుకుంటాడు. ‘బస్తా ఏ భుజానికెత్తుకుంటారు బాబాయ్, తడిసిన సరుకైతే ఎలా పట్టుకుంటారు?’ అని అడగండి. పనితనం గురించి అడిగితే పనిమంతుడు నోరు విప్పుతాడు, మధ్యలో మీ అజ్ఞానానికి నవ్వుతాడు కూడా. నవ్వనివ్వండి. మర్నాడు ఆయన మిమ్మల్ని గుర్తుపట్టి మీ పేరు అడిగితే, పరిచయం మొదలైనట్టు.