పసివారి గోళ్ళు – బాలబడి ఉపాధ్యాయిని బాధ్యత

మన ఇళ్ళలో తల్లి వేళ్ళ కొనలతో తీసి బిడ్డ నోటికి అందించే చిన్న ముద్దకు గోరుముద్ద అని పేరు. బిడ్డకు మూడేళ్ళు నిండి బాలబడికి వెళ్ళనారంభించిన తరువాత ఆ ముద్దను తన వేళ్ళతో తానే కలుపుకొంటాడు. అంతవరకు తల్లి చేతి శుభ్రతపై ఆధారపడిన అతని ఆరోగ్యం ఆనాటి నుండి అతని పది గోళ్ళపై ఆధారపడుతుంది. చెంచాతో తినేవారికి గోటి క్రింది మట్టి కొంతవరకు గోటి క్రిందనే ఉండిపోవచ్చును. పప్పన్నం చేత్తో పిసికి తినే మనకు అది ముద్దముద్దకూ లోపలికి చేరుతుంది. చేత్తో తినడం దోషమని నా అభిప్రాయం కాదు. అలా తినేవారికి గోళ్ళ విషయంలో శ్రద్ధ రెట్టింపు ఉండవలెనని మాత్రమే చెబుతున్నాను.

కొంతకాలం క్రితం ఒక తల్లి నాలుగేళ్ళ కుమారుణ్ణి వెంటబెట్టుకొని నా వద్దకు వచ్చింది. అర్ధరాత్రి లేచి ఏడుస్తాడు, ఆసనం వద్ద ఆపకుండా గోక్కుంటాడు, పగలు బడిలో తూగుతాడు. ఆరు నెలలలో మూడు పర్యాయాలు నులిపురుగుల మందు వేశారు. వేసిన కొన్నాళ్ళు హాయిగా ఉంటాడు, తరువాత మళ్ళీ మొదలు. “వైద్యులుగారూ, మందులో బలం లేదా, మావాడి ఒంట్లో బలం లేదా?” అని ఆమె అడిగింది. నేను పిల్లవాని నాలుక చూడకముందే చేతులు చూశాను. చాలా గోళ్ళ అంచున నల్లని చార ఉన్నది. రెండు బొటనవ్రేళ్ళ గోళ్ళు మాత్రం కొరికి కొరికి సగమై ఉన్నాయి. మందులోనూ లోపం లేదు, బిడ్డలోనూ లేదు. పురుగులు చచ్చాయి గాని, అవి తిరిగి వచ్చే దారి తెరచియే ఉన్నది.

శాస్త్రం చెప్పిన మూడవ మాట

చరక సంహిత విమానస్థానంలో క్రిమిచికిత్సను మూడు విధాలుగా చెప్పారు. ఒకటి అపకర్షణం, అనగా క్రిములను బయటికి తీసివేయడం. రెండవది ప్రకృతివిఘాతం, అనగా అవి పెరగడానికి అనుకూలమైన స్థితిని శరీరంలో లేకుండా చేయడం. మూడవది నిదానపరివర్జనం, అనగా అవి కలగడానికి హేతువైన దానిని విడిచిపెట్టడం. మొదటి రెండింటికీ వైద్యుడు ఉన్నాడు, మందు ఉన్నది. మూడవది ఇంటివారూ బడివారూ చేయవలసిన పని. మన అనుభవంలో చికిత్స విఫలమయ్యేది చాలావరకు ఇక్కడనే.

తెల్లని దారపు ముక్కల వలె కనిపించే సన్నని నులిపురుగు సంగతి చూడండి. ఆడ పురుగు రాత్రివేళ పేగునుండి దిగి ఆసనద్వారం అంచున గ్రుడ్లు పెడుతుంది. ఒక్కొక్కటి 10,000 వరకు పెట్టగలదు. ఆ చోట దురద పుడుతుంది, నిద్రలోనే బిడ్డ చేయి అక్కడికి పోతుంది, గ్రుడ్లు గోటి సందున చేరుతాయి. నాలుగు నుండి ఆరు గంటలలో అవి రోగం కలిగించే స్థితికి వస్తాయి. అంటే రాత్రి గోకిన చేయి ఉదయం ఇడ్లీ త్రుంచే వేళకు సిద్ధంగా ఉన్నదన్నమాట. దుప్పటిపైన, ఆటబొమ్మలపైన ఈ గ్రుడ్లు రెండు మూడు వారాలు బ్రతికి ఉంటాయి. మందు పురుగును చంపుతుంది గాని గ్రుడ్డును చంపదు. అందుచేతనే రెండు వారాల తరువాత రెండవ మోతాదు వేయడం, ఇంటిల్లిపాదికీ ఒకేమారు వేయడం, ఆ రోజుననే పక్కబట్టలు వేడినీటిలో ఉతకడం అవసరమవుతాయి.

గోటి సందున దాగేది నులిపురుగు గ్రుడ్డు ఒక్కటే కాదు. మట్టిలోని ఏలికపాము గ్రుడ్లు, రక్తవిరేచనాలను, టైఫాయిడ్‌ను, ఒక రకం కామెర్లను కలిగించే సూక్ష్మక్రిములు కూడ అదే దారిన నోటిని చేరుతాయి. గోకిన చోట చర్మం చిట్లి చీముపొక్కులు లేవడం మరొక బాధ. కొంకిపురుగు మాత్రం వేరు; అది ప్రధానంగా పాదాల చర్మం గుండా ప్రవేశిస్తుంది, దానికి చెప్పులే రక్షణ.

2015 నుండి ప్రభుత్వం జాతీయ నులిపురుగుల నివారణ దినం పేరిట ఫిబ్రవరి 10న అంగన్‌వాడీలలో, పాఠశాలలలో ఆల్బెండజోల్ మాత్ర వేయిస్తున్నది. ఏడాది నుండి రెండేళ్ళ లోపు పిల్లలకు సగం, ఆపైబడినవారికి పూర్తిగా 400 మిల్లీగ్రాముల మాత్ర. ఆయుర్వేద వైద్యుణ్ణి కదా అని నేను దానిని వద్దనను, వేయించండి. వాయువిడంగాలను క్రిమిహరద్రవ్యాలలో శ్రేష్ఠమని చరకుడు పేర్కొన్న మాట నిజమే అయినా, పసివారికి మోతాదు వైద్యుడు నిర్ణయించవలసినదే గాని, దుకాణంలో పొడి కొని తెచ్చి పెట్టదగినది కాదు. ఏ మందు వాడినా గోరు పెరిగి ఉన్నంతకాలం ఫలితం నిలవదు.

చరక సంహిత సూత్రస్థానంలో కేశాలను, గోళ్ళను పక్షానికి మూడు పర్యాయాలు తీయించుకోవాలని ఉన్నది. పదిహేను రోజులకు మూడు అంటే అయిదు రోజులకొకసారి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఈ లెక్కన అయిదు రోజులకు అర మిల్లీమీటరు. మట్టి నిలువడానికి చాలినంత సందు ఏర్పడబోయే వేళకే కత్తిరించాలని నియమం! సుశ్రుతుడైతే వైద్యవృత్తిలో ప్రవేశించే వానికి ఉండవలసిన లక్షణాలలో గోళ్ళు పొట్టిగా ఉండడాన్ని కూడ చేర్చాడు.

మా గురుకులంలో ఈ నియమం మాటలతో చెప్పినది కాదు. ఉదయం కల్వం వద్ద మందు నూరడానికి కూర్చోబోయే ముందు గురువుగారి ఎదుట చేతులు చాపాలి. ఆయన చూచి తల ఊపితే కూర్చోవాలి, ఊపకపోతే బావి వద్దకు వెళ్ళి రావాలి. ఎవరినీ పేరు పెట్టి పిలిచి మందలించేవారు కారు. ముందుగా తమ చేతులు తిప్పి మాకు చూపి, తరువాతనే మా చేతులు చూచేవారు.

ఉపాధ్యాయిని ఎందుకు?

తల్లి ఒక్క బిడ్డను ప్రతిదినం చూస్తుంది. రోజూ చూచేదానిలో మార్పు కంటికి ఆనదు. బాలబడి పంతులమ్మ ఇరవై అయిదు జతల చేతులను ప్రక్కప్రక్కన చూస్తుంది. ఏ చేయి తక్కినవాటికి భిన్నంగా ఉన్నదో ఆమెకు వెంటనే తెలుస్తుంది. పైగా ఈ వయస్సు పిల్లలకు అమ్మ చెప్పిన మాట కన్న “మా టీచరు చెప్పింది” అన్నది వేదవాక్కు. 1975లో సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం ఆరంభమైన నాటి నుండి మూడు మొదలు ఆరేళ్ళ వరకు పిల్లలు అంగన్‌వాడీలలో అక్షరాలకన్న ముందు అలవాట్లు నేర్చుకొంటున్నారు. పట్టణాలలోని నర్సరీ బడులకూ ఇదే వర్తిస్తుంది.

అయితే గోళ్ళ తనిఖీ ఎలా చేస్తారన్నది ముఖ్యం. ఇందాక చెప్పిన పిల్లవాని బొటనవ్రేళ్ళ గోళ్ళు ఎందుకు సగమయ్యాయో తల్లిని మెల్లగా అడిగితే బయటపడింది. ఆ బడిలో (పేరు మనకు అనవసరం) సోమవారం ప్రార్థన కాగానే గోళ్ళు చూస్తారు. పెరిగినవారిని వేరుగా నిలబెట్టి వ్రేళ్ళ కణుపులపై స్కేలుతో కొడతారు. ఆదివారం ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. పిల్లవాడు సోమవారం ఆటోలో కూర్చున్నది మొదలు బడి గేటు వరకు గోళ్ళు కొరుక్కుంటూ పోతాడు! శుభ్రత కోసం పెట్టిన తనిఖీ గోటి క్రింది మురికిని నేరుగా బిడ్డ కడుపులోకి పంపుతున్నది. గోరుచుట్టుపై రోకటిపోటు అనే సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

నేను ఉపాధ్యాయినికి ఒక చీటీ వ్రాసి పంపాను. ఆమె చిన్నవయస్సు అమ్మాయి, మరునాడు స్వయంగా వచ్చింది. “కొట్టమని నియమమండీ, నాకూ ఇష్టం లేదు. వాడు దారిలో కొరుక్కుంటున్నాడని నాకు తెలియదు” అన్నది. మేమిద్దరం కూర్చొని మాట్లాడుకొన్న మీదట ఆమె తన తరగతి వరకు కొన్ని మార్పులు చేసుకొన్నది. శుక్రవారంనాడే చూస్తుంది, ఇంట్లో తీయడానికి రెండు రోజుల వ్యవధి దొరుకుతుంది. మొదట తన చేతులు చూపుతుంది. పెరిగిన గోళ్ళు కనబడితే అందరి ఎదుట ఏమీ అనక, డైరీలో తల్లికి రెండు ముక్కలు వ్రాస్తుంది. అన్నం ముందు అందరూ వరుసగా కొళాయి వద్ద నిలిచి సబ్బు రుద్దుకొని, ఒక చేతి అయిదు వ్రేళ్ళ కొనలను రెండవ అరచేతిలో గుండ్రంగా త్రిప్పుతారు. గోటి సందులోకి సబ్బు పోవడానికి ఇదే ఉపాయం. అరచేతులు మాత్రమే రుద్దుకొంటే గోళ్ళు అలాగే మిగిలిపోతాయి. ఇంటిల్లిపాదీ రెండు మోతాదుల మందు వేసుకొన్నారు. రెండు నెలల తరువాత ఆ బిడ్డ వచ్చినప్పుడు బొటనవ్రేళ్ళ గోళ్ళు పూర్తిగా వచ్చి ఉన్నాయి; రాత్రి నిద్ర కుదిరింది.

బడిలోనే గోళ్ళు కత్తిరించవచ్చునా అని కొందరు పంతులమ్మలు అడుగుతారు. ఒకే నెయిల్ కట్టర్‌తో ఇరవైమందికి తీయడం నాకు సమ్మతం కాదు. ఎక్కడైనా చర్మం తెగి నెత్తురు అంటితే హెపటైటిస్ బి వంటి రోగం ఒకరినుండి మరొకరికి సోకే అవకాశం ఉన్నది. ఎవరి కట్టర్ వారిదై ఉండవలెను. మట్టిలో ఆడవద్దని పిల్లలను కట్టడి చేయడం కూడ సరికాదు. ఆ వయస్సుకు మట్టి కావాలి. ఆట తరువాత నీళ్ళూ సబ్బూ కావాలి. ఇక పొడుగాటి గోళ్ళకు రంగు వేసుకొని వచ్చే పంతులమ్మ పిల్లలకు గోళ్ళు తీసుకోండని చెబితే ఎవరు వింటారు? అన్నం వడ్డించే ఆయమ్మ గోళ్ళ సంగతి కూడ బడివారు చూడాలి.

గోళ్ళు చూచేటప్పుడు మురికి ఒక్కటే చూడరాదు. ఆయుర్వేదంలో గోళ్ళను అస్థిధాతువునకు మలంగా చెప్పారు. లోపలి పోషణ అక్కడ కనబడుతుంది. గోళ్ళు పాలిపోయి ఉన్నా, చెంచా వలె నడుమ గుంటపడి ఉన్నా రక్తహీనతను అనుమానించాలి. అటువంటి బిడ్డ మట్టి, సుద్దముక్కలు తింటున్నాడేమో పంతులమ్మే ముందుగా గమనించగలదు. మృద్భక్షణం వలన కలిగే పాండురోగాన్ని చరకుడు ప్రత్యేకంగా చెప్పాడు. తెల్లని చుక్కలు కనబడగానే కాల్షియం లోపమని తల్లులు కంగారుపడతారు గాని, చాలావరకు అవి గోటికి తగిలిన చిన్న దెబ్బల గుర్తులే. గోళ్ళు నీలంగా మారి, బిడ్డ ఆయాసపడుతుంటే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి.

ఇంట్లో తల్లులకు

స్నానం చేయించిన వెంటనే గోళ్ళు మెత్తగా ఉంటాయి. అదే అనువైన సమయం. మరీ కదిలే బిడ్డకు నిద్రలో తీయవచ్చును. బ్లేడు వాడవద్దు. చేతి గోళ్ళను వ్రేలి వంపును అనుసరించి, కాలి గోళ్ళను తిన్నగా కత్తిరించాలి. చర్మానికి ఆనేంత లోతుగా తీస్తే గోరుచుట్టు లేస్తుంది. ఆరంభంలో గోరువెచ్చని ఉప్పునీటిలో వ్రేలిని రోజుకు మూడు నాలుగు మార్లు కాసేపు ఉంచితే నొప్పి తగ్గుతుంది. చీము పట్టినా, జ్వరం వచ్చినా వైద్యునికి చూపించాలి. సూదితో పొడవరాదు.

గోళ్ళు కొరికే అలవాటుకు వేపనూనె పూయడం కొన్ని ఇళ్ళలో చూస్తున్నాను. వేపనూనె కడుపులోకి పోతే పసివారికి ప్రమాదకరం, మానివేయండి. కొరికే బిడ్డకు ఏ సమయంలో ఆ పని చేస్తున్నాడో వారంపాటు గమనించి, ఆ సమయానికి చేతికి ఏదైనా పని కల్పించండి. బడికి బయలుదేరే వేళనే కొరుకుతుంటే బడిలో ఏం జరుగుతున్నదో కనుక్కోండి.

ఆషాఢంలో గోరింటాకు పెట్టిన తరువాత గోళ్ళ ఎరుపులో మురికి కనబడదు. ఆ నెలలో గోటి అంచును వెలుతురులో పట్టి చూడండి. మంగళ, శుక్రవారాల పట్టింపు ఉన్నవారు దానిని మానుకోనక్కరలేదు. దీపాలు పెట్టిన తరువాత తీయరాదన్న పెద్దల మాటనూ పాటించవచ్చును. ఎలాగూ పసివారి గోళ్ళు పగటి వెలుతురులో తీయడమే క్షేమం. ఆదివారం ఉదయం ఒకమారు, బుధవారం గాని గురువారం గాని బడినుండి రాగానే మరొకమారు అని పెట్టుకొంటే చాలును.