పాదసూచిక నుండి పుట వరకు: విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత పత్రికల వ్యాసాలను వెదకే విధానం

వేలూరు చరిత్రను గూర్చిన పుస్తకం చదివే విద్యార్థికి ఏదో ఒక పుట అడుగున చిన్న అక్షరాలలో “ఎపి. ఇండి., సం. 4, పు. 269” వంటి గుర్తు కనిపిస్తుంది. చాలామంది దానిని చూడకుండానే ముందుకు పోతారు. వేలూరులోను, గుడియాత్తంలోను స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు మాత్రం అక్కడ ఒక్క క్షణం ఆగడం మంచిది. ఆ గుర్తు చూపే వ్యాసం విలాపాక తామ్రశాసనాన్ని గూర్చినది. శాలివాహన శకం 1523లో, అనగా క్రీ.శ. 1601లో, వేలూరు పాలకుడైన లింగభూపాలుని విన్నపం మేరకు వెంకటపతి రాయలు ఒక గ్రామాన్ని దానమిచ్చిన శాసనమది. దానిని పరిష్కరించి ప్రకటించినవారు వి. వెంకయ్య. ఈ ఊరిని నాయకరాజులు ఏలిన సంగతి పెద్దలు చెప్పగా వినడం వేరు, శాసనపాఠాన్ని ఎదుట పెట్టుకొని చదవడం వేరు.

పాఠం చేతికి రాకముందే పని చెడిపోయే చోటు ఒకటి ఉంది. గుడియాత్తం నుండి బస్సెక్కి వచ్చిన విద్యార్థి గ్రంథాలయంలోని కంప్యూటరులో శాసనం పేరో, వెంకయ్యగారి పేరో వ్రాసి వెదకుతాడు. ఏమీ దొరకదు. ఛార్జీలూ, ఒక రోజూ వృథా అయ్యాయనుకొని తిరిగి వెళ్లిపోతాడు. ఆ సంపుటం పై అంతస్తులోని బీరువాలోనే ఉండి ఉండవచ్చు. గ్రంథాలయ సూచిక సాధారణంగా పత్రికల పేర్లను నమోదు చేస్తుందే కాని, వాటిలోని ఒక్కొక్క వ్యాసాన్ని నమోదు చేయదు. వీధి పేరు అడగవలసిన చోట ఇంట్లోని మనిషి పేరు అడిగితే దారి చెప్పేవారెవరు?

కాబట్టి వెదకవలసినది పత్రిక పేరును. “ఎపి. ఇండి.” అంటే ఎపిగ్రాఫియా ఇండికా. ఇటువంటి పొట్టి పేర్లకు పూర్తి రూపాలు ఆ పుస్తకం మొదట్లోనే ఒక పట్టికగా ఉంటాయి. తరువాతి సంఖ్య సంపుటానిది, చివరిది పుటది. కొందరు సంపుట సంఖ్యను రోమన్ అంకెలలో వేస్తారు. దానిని తప్పు చదివితే మరో సంపుటం చేతికి వస్తుంది. సంవత్సరం కన్న సంపుట సంఖ్యకే ఎక్కువ విలువ ఇవ్వండి. ఈ నాలుగవ సంపుటం 1896–97కు చెందినది. ఈ పత్రిక సంపుటాలు తరువాతి కాలంలో పునర్ముద్రణ పొందాయి గనుక అట్టలోపల వేరే సంవత్సరం కనిపించినా కంగారు పడనక్కరలేదు.

పేర్ల విషయంలో మరికొంత జాగ్రత్త కావాలి. ఇండియన్ ఆంటిక్వరీ 1872లో మొదలై 1933తో ఆగింది. 1938లో న్యూ ఇండియన్ ఆంటిక్వరీ అనే పత్రిక వచ్చింది. రెండింటికీ మొదటి సంపుటాలు ఉన్నాయి, రెండూ ఒకటి కావు. సంస్థలు నడిపిన పత్రికలైతే, పాత కార్డు సూచికలలో పత్రిక పేరు క్రింద కాక సంస్థ పేరు క్రింద ఉండవచ్చు. రాజమహేంద్రవరంలోని ఆంధ్ర చారిత్రక పరిశోధక మండలి పత్రికను “జర్నల్” అనే మాట దగ్గర వెదకి దొరకకపోతే మండలి పేరు దగ్గర కూడ చూడాలి.

పత్రిక పేరు దొరికిన తరువాత దాని ఎదుట “సం. 1–12, 15–30” వంటి వరుస ఉంటుంది. గ్రంథాలయంలో ఏయే సంపుటాలు ఉన్నాయో అది చెబుతుంది. ఈ ఉదాహరణలో 13, 14 లేవు. మీకు కావలసినది 14 అయితే మెట్లెక్కే శ్రమ తప్పినట్లే. ఈ ఒక్క పంక్తిని చదవడం నేర్చుకోకుండా బీరువాల మధ్య గంటలు తిరిగేవారిని చూస్తే జాలి కలుగుతుంది. ఇటీవలి సంచికలు విడిగా ప్రదర్శన బల్లల మీద ఉంటాయి. పాతవి సంపుటాలుగా బైండు చేయబడి లోపలి గదులలో ఉంటాయి. లోపలికి అనుమతి లేనిచోట పత్రిక పేరు, సంపుటం, సంవత్సరం, పుట చీటీ మీద వ్రాసి ఇస్తే సిబ్బంది తెచ్చి ఇస్తారు.

తెలుగు పత్రికల దగ్గర వేరొక చిక్కు ఉంది. కాశీనాథుని నాగేశ్వరరావు మద్రాసు నుండి 1924లో ప్రారంభించిన భారతి వంటి పత్రికలలోని వ్యాసాలను పాత రచయితలు “రక్తాక్షి, వైశాఖం” అని ఉదాహరించడం కద్దు. సూచికలో రక్తాక్షి దొరకదు. రక్తాక్షి 1924 ఉగాదితో మొదలై 1925 ఉగాదికి ముందు ముగిసింది. కనుక వైశాఖమంటే 1924 మే నెల ప్రాంతం, అదే రక్తాక్షి మాఘమైతే 1925లోకి వస్తుంది. భారతి మొదలైన 1924 జనవరి రుధిరోద్గారిలోనే ఉంది. అరవై ఏండ్లకు అదే పేరు తిరిగి వస్తుంది గనుక 1984 కూడ రక్తాక్షియే. ఈ లెక్క ఇంట్లోని పెద్దలకు కొట్టినపిండి, వారినే అడగండి.

బయలుదేరే ముందు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకోవాలి. వేలూరు దగ్గరి సేర్కాడులో 2002లో ఏర్పడిన తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం ఉంది. కాట్పాడి నుండి రైలులో తిరుపతికి వెళ్తే 1954లో స్థాపించిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది. చెన్నైలో 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఉంది. గుజరాత్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఇండ్‌క్యాట్ సూచికలో ఏ విశ్వవిద్యాలయంలో ఏ పత్రిక ఉన్నదో ఇంటి నుండే చూడవచ్చు. బయటివారి ప్రవేశానికి ప్రతి గ్రంథాలయానికీ తన నియమాలు ఉంటాయి. ముందుగా ఫోను చేసి కనుక్కొని, మీ కళాశాల ప్రిన్సిపాలు ఇచ్చిన ఉత్తరాన్ని, గుర్తింపు కార్డును వెంట తీసుకొని వెళ్లండి. సంపుటం ఎక్కడా అందకపోతే, గ్రంథాలయాల మధ్య ఇచ్చిపుచ్చుకొనే ఏర్పాటు ద్వారా నకలు తెప్పించగలరేమో మీ కళాశాల గ్రంథపాలకుని అడగండి.

బైండు సంపుటాలను సాధారణంగా ఇంటికి ఇవ్వరు. 1957 నాటి కాపీరైటు చట్టంలోని 52వ సెక్షను సొంత చదువు కోసం, పరిశోధన కోసం న్యాయమైన వినియోగాన్ని అనుమతిస్తుంది. ఒక వ్యాసానికి జిరాక్సు తీసుకోవడానికి సంకోచించనక్కరలేదు. శాసనాల ఛాయాచిత్రాలు పుట సంఖ్య లేని విడి ఫలకాలుగా మధ్యలో కుట్టి ఉంటాయి, వాటిని కూడ అడిగి తీయించుకోండి. సంపుటపు మొదటి పుటకు కూడ ఒక నకలు తీయించి వ్యాసానికి జతచేయండి. ఆరు నెలల తరువాత సంపుటం సంఖ్య కోసం మళ్లీ బస్సెక్కే పని ఉండదు.